క్యామ్రీ ఇచ్చేసి జీఆర్86 తీసుకోవచ్చా? ఇంట్లో 18 నెలల పాప ఉంది

ప్రశ్న – ఫ్రిస్కో, టెక్సాస్

అందరికీ నమస్కారం. నా దగ్గర 2019 టయోటా క్యామ్రీ ఎక్స్‌ఎస్ఈ వీ6 (ఆరు సిలిండర్ల సెడాన్) ఉంది. 61,000 మైళ్లు తిరిగింది, లోన్ మొన్ననే తీరింది. తీరిన రోజు నుంచి స్పోర్ట్స్ కారు పిచ్చి మళ్లీ పట్టుకుంది. టయోటా జీఆర్86 మాన్యువల్ చూశాను. క్యామ్రీని ట్రేడ్-ఇన్ ఇచ్చేసి అది తెచ్చుకుందామని ఉంది. మా ఆవిడకి కరోలా ఉంది. ఆఫీసు లాస్ కొలినాస్‌లో, పోను 24 మైళ్లు, రాను 24. మేలో అత్తగారూ మామగారూ వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. జీఆర్86లో వెనక సీట్లు ఉన్నాయి కదా, పాపకి చాలవా? వాడుతున్నవాళ్లు చెప్పండి. వీడియోలు చూసీ చూసీ బుర్ర తిరుగుతోంది.

జవాబు – ప్లేనో, జీఆర్86 ప్రీమియం మోడల్, మూడేళ్ల నుంచి

బ్రదర్, ముందు ఒక చేదు మాట. మీ క్యామ్రీ 301 హార్స్‌పవర్, నా కారు 228. నాది ఏడెనిమిది వందల పౌండ్లు తేలిక కాబట్టి పరువు దక్కుతోంది. సున్నా నుంచి 60 మైళ్లకి రెండూ ఆరు సెకన్ల దరిదాపుల్లోనే ఉంటాయి. కారు కొన్న కొత్తలో టోల్‌వే ఎక్కే ర్యాంప్ మీద సెకండ్ గేర్‌లో చివరిదాకా లాగాను. పక్క లేన్‌లో ఒక వీ6 క్యామ్రీ, వెనక అద్దానికి పిల్లల ఎండతెర. తీరిగ్గా పక్కకి వచ్చింది, వెళ్లిపోయింది. నేను పందెం వేశానని కూడా ఆయనకి తెలిసుండదు.

కాబట్టి స్పీడు కోసమైతే కొనకండి, అది మీ ఇంట్లోనే ఉంది. మరి తేడా ఎక్కడంటే, ర్యాంప్ గుండ్రంగా తిరిగే చోట. క్యామ్రీది ముందు చక్రాల బండి. మలుపులో కాస్త గట్టిగా తొక్కితే ముక్కు బయటికి పోతుంది, బయటి టైరు కీచుమంటుంది, మనం భయపడి కాలు తీసేస్తాం. జీఆర్86 ఇంజన్‌లో సిలిండర్లు పడుకుని ఉంటాయి, బరువంతా కిందే. తోసేది వెనక చక్రాలు. 40 మైళ్ల స్పీడులోనే వెనక టైరు ఏం చేస్తోందో నడుం కింద తెలుస్తుంది. అది మాటల్లో చెప్పేది కాదు, అద్దెకి తీసుకుని చూడండి. కార్లు అద్దెకిచ్చే టూరో యాప్‌లో దొరుకుతాయి. డీలరు దగ్గర పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌తో ఏమీ తేలదు.

వెనక సీట్ల సంగతి: ఉన్నాయంటే ఉన్నాయి. కార్ సీటు బిగించే యాంకర్లూ ఉన్నాయి. నేనైతే అక్కడ ల్యాప్‌టాప్ బ్యాగు పెడతాను.

జవాబు – అలెన్

నేను ఆ కారులో పక్క సీట్లో కూర్చునే మనిషిని, నా మాట కూడా వినండి. మా వారిది కూడా అదే కారు. బాబుకి ఏడాదిన్నర ఉన్నప్పుడు రియర్-ఫేసింగ్ సీటు (బిడ్డ మొహం కారు వెనక వైపు ఉండేది) నా వెనక బిగించారు. నా సీటు ముందుకి జరిపితే మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి తగిలాయి. రెండే తలుపులు కదా, బాబుని ఎక్కించాలంటే ముందు సీటు వంచి, మనం వంగి, వాడి తల పైకప్పుకి తగలకుండా లోపలికి తోసి, గుడ్డిగా బకిల్ వెతకాలి. ఆగస్టులో, 104 డిగ్రీల ఎండలో, డేకేర్ పార్కింగ్‌లో. నాలుగు వారాలు చేశాను. ఆ తర్వాత ఇంట్లో పెద్ద గొడవే అయింది.

పైగా టెక్సాస్‌లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి, 4 అడుగుల 9 అంగుళాలు దాటితే తప్ప, కార్ సీటో బూస్టరో తప్పనిసరి. మీ పాపకి ఇంకా ఆరేళ్లు పైనే ఉంది. డీలరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ కార్ సీటు, మీ ఆవిడ, ఇద్దరినీ తీసుకెళ్లండి. ఒక్కరే వెళ్లకండి.

జవాబు – ప్లేనో

మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. ఇంకోటి, మే నెలలో మీ అత్తమామల కోసం డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టుకి వెళ్తే తలా రెండు 23 కేజీల సూట్‌కేసులు దిగుతాయి, ఆవకాయ జాడీతో సహా. క్యామ్రీ డిక్కీ 15.1 క్యూబిక్ అడుగులు, జీఆర్86ది 6.3. వెనక సీటు మడిస్తే నాలుగు టైర్లు పడతాయి, బాగుంటుంది. కానీ అప్పుడు అత్తగారు ఎక్కడ కూర్చుంటారు?

జవాబు – మెకిన్నీ, మజ్దా మియాటా స్పోర్ట్స్ కారు, క్యామ్రీ హైబ్రిడ్ రెండూ

డబ్బు లెక్క ఎవరూ చెప్పలేదు. జీఆర్86 మాన్యువల్‌కి ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) సిటీ, హైవే కలిపి ఇచ్చిన మైలేజీ గాలన్‌కి 22 మైళ్లు, అదీ ప్రీమియం పెట్రోలుతో. మీ వీ6కి 26, మామూలు 87 ఆక్టేన్ పెట్రోలు సరిపోతుంది. ఏడాదికి 12,000 మైళ్లంటే దానికి 545 గాలన్లు, దీనికి 460. గాలన్ మామూలుది 2.80, ప్రీమియం 3.50 డాలర్లు అనుకుంటే ఏడాదికి ఆరొందల డాలర్ల పైచిలుకు తేడా. ఇన్సూరెన్స్ వేరే. కొనే ముందే ఆ కారు విన్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) ఇచ్చి కోట్ తీసుకోండి, సంతకం అయ్యాక కాదు.

టైర్లు ఇంకో ఖర్చు. జీఆర్86 ప్రీమియం మోడల్‌కి వచ్చేవి సమ్మర్ టైర్లు, పట్టు అద్భుతం, కానీ 40 ఫారెన్‌హీట్ కిందికి దిగితే రబ్బరు బిగుసుకుపోతుంది. డల్లాస్‌లో చలి ఉండదనుకోకండి, 2021 ఫిబ్రవరి మంచు తుఫాను గుర్తుంది కదా. ఒక జనవరి పొద్దున మా వీధి మలుపులోనే, 15 మైళ్ల స్పీడులో, నా మియాటా పక్కింటి డస్ట్‌బిన్ వైపు జారింది. డస్ట్‌బిన్ బతికింది, నా బంపర్ గీసుకుపోయింది.

నా మాట: ఉన్న సెడాన్‌ని ఉంచండి. సరదా బండి రెండోది అవ్వాలి, సెకండ్‌హ్యాండ్‌ది, లోన్ లేకుండా. అది కుదరకపోతే రెండేళ్లు ఆగండి. మియాటా అయితే రెండే సీట్లు, కనీసం వెనక సీటుందని మనల్ని మనం మోసం చేసుకోం.

జవాబు – ఇర్వింగ్

చిన్న సమాచారం. కొత్త జీఆర్86 కొంటే ఏడాది పాటు నాసా మెంబర్‌షిప్, ట్రాక్ మీద ఒక రోజు ఉచితంగా ఇస్తారు. రాకెట్ల నాసా కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్. మా నాన్నకి ఫోన్‌లో చెబితే ఊరంతా తప్పుగా చెప్పేశారు. ట్రాక్‌కి వెళ్లే ముందు మీ పాలసీ చదవండి. అక్కడ జరిగే డ్యామేజీకి మామూలు ఇన్సూరెన్స్ సాధారణంగా వర్తించదు.

ప్రశ్న అడిగినవారు – రెండు వారాల తర్వాత

అందరికీ థ్యాంక్స్. టూరోలో శని, ఆదివారాలకి తీసుకున్నాను. శనివారం పొద్దున ఒక్కణ్నే అరవై మైళ్లు తిరిగాను. ఆ ర్యాంప్ గురించి చెప్పింది నిజమే, ఇంటికొచ్చాక కూడా చేతులు స్టీరింగ్ తిప్పుతున్నట్టే ఉన్నాయి. సాయంత్రం ముగ్గురం కార్యసిద్ధి హనుమాన్ గుడికి బయల్దేరాం. సీటు బిగించడానికే 25 నిమిషాలు పట్టింది. ఇంకా ఎక్కకముందే వీడియో కాల్‌లో మా అత్తగారు చూసి, "ఇది కారా, మడత మంచమా?" అన్నారు. చివరికి కరోలాలో వెళ్లాం.

క్యామ్రీ ఉంచుతున్నాను. రెండో కారు సంగతి పాప ఫార్వర్డ్-ఫేసింగ్‌కి మారాక చూస్తా. ఈలోగా క్యామ్రీ టైర్లు అరిగాయి. మంచివి వేస్తే మలుపుల్లో ఏమైనా తేడా ఉంటుందా?

జవాబు – ప్లేనో

కచ్చితంగా ఉంటుంది. మీ ఎక్స్‌ఎస్ఈకి 235/40ఆర్19 ఉండాలి, టైరు పక్కన రాసి ఉంటుంది, సరిచూసుకోండి. పెర్ఫార్మెన్స్ ఆల్-సీజన్ రకం అడగండి. సమ్మర్ టైర్ల జోలికి పోకండి, మెకిన్నీ డస్ట్‌బిన్‌ని గుర్తు తెచ్చుకోండి. ముందు రెండూ మార్చి వెనక రెండూ వదిలేయొద్దు, నాలుగూ ఒకేసారి. చక్రాల అలైన్‌మెంట్ కూడా చేయించండి. జీఆర్86 అవదు గానీ, ఆ కీచు చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు

సరే అన్నా. శనివారం ఎలాగూ డైపర్లకి కాస్కోకి వెళ్లాలి, టైర్ల సంగతి అక్కడే అడుగుతా.