జీడిపళ్ల పిప్పి వేశాక గోబర్ గ్యాస్ మండటం లేదు

మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్‌కి రోజూ 50 కిలోల పేడ, అంతే నీళ్లు వేసేవాళ్లం. నీలి మంట చక్కగా వచ్చేది. తోటలో కుళ్లిపోతున్న జీడిపళ్లను చూడలేక పది రోజులు రోజుకి 20 కిలోల పిప్పి కలిపాను. అది ఎక్కువైందని ఇప్పుడు అర్థమవుతోంది.

గ్యాస్ వస్తోంది, కానీ పొయ్యి వెలిగించగానే ఆరిపోతోంది. బయటికొచ్చే స్లర్రీ (పలచటి పేడ గుజ్జు) పులిసిన గంజి వాసన. పులుపు ఎంతుందో చూపే పీహెచ్ కాగితం 5.5 చూపించింది (అంకె తగ్గితే పులుపు ఎక్కువ). 7 దగ్గర ఉండాలి కదా!

పైపులో నీళ్లు తీశాను. పిప్పి ఆపి వారమైంది. మూడు రోజులు కిలో చొప్పున సున్నం కలిపితే 6కి వచ్చి మళ్లీ పడిపోయింది.

బాగా నడుస్తున్న వేరే ప్లాంటు స్లర్రీ ఎంత పోస్తే ఇది మళ్లీ దారికొస్తుందండీ?