‘డెన్సిటీ ఆఫ్ స్టేట్స్’కి తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
నానో ఎలక్ట్రానిక్స్ పాఠం తెలుగులో రాస్తున్నాం. ‘డెన్సిటీ ఆఫ్ స్టేట్స్’కి ‘స్థితి సాంద్రత’ అనీ, ‘ఫెర్మీ–డిరాక్ స్టాటిస్టిక్స్’కి ‘ఫెర్మీ–డిరాక్ గణాంకాలు’ అనీ పెట్టాం. ముసాయిదా చదివినవాళ్ళు స్థితి సాంద్రత అంటే ఎలక్ట్రాన్ల సాంద్రతే అనుకుంటున్నారు. వేరే మాట ఏదైనా ఉందా?

మొదటి జవాబు:
రెండోది ముందు తేల్చేద్దామండీ. గణాంకాలంటే పోగేసిన అంకెలు, జనాభా లెక్కల్లాంటివి. ఇక్కడున్నది కణాలు స్థితుల్లో సర్దుకునే నియమం. ‘సాంఖ్యకం’ అనండి. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ ఢాకాలో ఉండగా ఫోటాన్లకు రాసిన పద్ధతి బోస్–ఐన్‌స్టైన్ సాంఖ్యకం అయింది. 1926లో ఫెర్మీ, డిరాక్ విడివిడిగా ఇచ్చినది ఎలక్ట్రాన్లకు వర్తిస్తుంది.

మొదటిదానికి ‘స్థితుల సాంద్రత’ చాలు. అంటే ఎలక్ట్రాన్లు ఉండగల స్థితులు ఎన్నో చెప్పేది, ఉన్న ఎలక్ట్రాన్లు ఎన్నో కాదు. అసలు చిక్కు యూనిట్‌లో ఉంది. సాంద్రత అనగానే ఘనపు సెంటీమీటరుకు ఎంత అని అడుగుతాం. ఇక్కడ మాత్రం రెండుసార్లు భాగించాలి: చోటుతో ఒకసారి, శక్తితో ఒకసారి. ఆ చోటు కూడా బల్క్‌లో (మామూలు ముక్కలో) ఘనపు సెంటీమీటరు, క్వాంటమ్ వెల్‌లో (ఎలక్ట్రాన్లు పలుచని పొరలో బందీ అయ్యేచోట) చదరపు సెంటీమీటరు, నానోవైర్‌లో ఒట్టి సెంటీమీటరు. మాట మొదటిసారి వచ్చినచోటే ఇది విప్పి చెప్పకపోతే ఏ అనువాదమూ ఆదుకోదు.

వెంటనే ఒక లెక్క చేయించండి. గాలియం ఆర్సెనైడ్ క్వాంటమ్ వెల్ తీసుకుందాం. ఎలక్ట్రాన్ ప్రభావ ద్రవ్యరాశి (పదార్థంలో అది కదిలే తీరుకు సరిపోయే లెక్క ద్రవ్యరాశి) మామూలు ద్రవ్యరాశిలో 0.067 వంతు. మొదటి సబ్‌బ్యాండ్‌లో (పొర పలుచన వల్ల విడివడ్డ శక్తి మెట్లలో అట్టడుగుది), రెండు స్పిన్‌లూ కలిపి, చదరపు సెంటీమీటరుకు, మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టుకు 2.8×10¹⁰ స్థితులు. వెల్‌లో ఎలక్ట్రాన్ ఒక్కటి లేకపోయినా ఈ అంకె ఇంతే. ఇప్పుడు చదరపు సెంటీమీటరుకు 3×10¹¹ ఎలక్ట్రాన్లు నింపండి. సున్నా కెల్విన్ దగ్గర అడుగునుంచి వరసగా నిండుతాయి కాబట్టి భాగిస్తే సరి: ఫెర్మీ మట్టం (స్థితి నిండే అవకాశం సగమయ్యే శక్తి) సబ్‌బ్యాండ్ అడుగుకు 10.7 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టుల పైన. అదే వెల్‌ను 300 కెల్విన్‌కు తెస్తే ఆ మట్టం అడుగుకు సుమారు 17 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టుల కిందికి దిగుతుంది. స్థితులూ అవే, ఎలక్ట్రాన్లూ అన్నే. మారింది నిండే తీరు. ఈ 10.7 నుంచి మైనస్ 17కి ఎలా వచ్చిందో చేత్తో కట్టినవాళ్ళు రెండు సాంద్రతల్నీ మళ్ళీ కలపరు.

రెండో జవాబు:
ఒప్పుకుంటాను. ఒకటి జోడిస్తాను: ఇక్కడ బోల్ట్జ్‌మన్ ఉజ్జాయింపు (ఫెర్మీ–డిరాక్ సూత్రానికి సులువు చేసిన రూపం) వాడనివ్వకండి. పై లెక్కకే వాడితే మైనస్ 17 బదులు మైనస్ 23 దాకా వస్తుంది. స్థితి ఫెర్మీ మట్టానికి కనీసం 3 కేటీ (కేటీ అంటే బోల్ట్జ్‌మన్ స్థిరాంకం × ఉష్ణోగ్రత) పైన ఉంటేనే తప్పు 5 శాతం దగ్గర ఆగుతుంది. గది వేడిమిలో ఒక కేటీ సుమారు 26 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు.

‘ఆక్యుపేషన్ ప్రాబబిలిటీ’కి, అంటే స్థితిలో ఎలక్ట్రాన్ ఉండే అవకాశానికి, ‘ఆక్రమణ సంభావ్యత’ అని కొందరు రాస్తున్నారు. పేపర్లో చెరువుల ఆక్రమణ చదివే మనకు అది వేరే రంగం. ‘నిండే సంభావ్యత’ అంటే పోలా?

అడిగినవారు:
‘నిండే సంభావ్యత’ బావుంది, తీసుకుంటున్నాం. ‘డీజెనరసీ’ సంగతి? ఒక అధ్యాయంలో ఒక అర్థం, ఇంకో అధ్యాయంలో ఇంకో అర్థం కనిపిస్తోంది.

మొదటి జవాబు:
అవును, అవి రెండూ వేర్వేరు. ఒకే శక్తి దగ్గర పలు స్థితులు ఉండటం మొదటిది. ‘సమశక్తి’ అంటే తెలిసిపోతుంది. ఫెర్మీ మట్టం బ్యాండ్‌లోకే చొచ్చుకుపోయేంతగా డోపింగ్ చేయడం (మలినాలు కలపడం) రెండోది. దానికి ‘డీజెనరేట్’ అనే ఉంచేయండి, ఎందుకంటే పరిశ్రమలో వేరే మాట వినపడదు.

మొదటి అర్థాన్ని మరిస్తే జవాబు సగమైపోతుంది. 100 అనే స్ఫటిక తలంపై సిలికాన్ ట్రాన్సిస్టర్ చానెల్‌లో అట్టడుగు సబ్‌బ్యాండ్‌కు రెండు వ్యాలీలు (ఒకే శక్తి గల రెండు శక్తి లోయలు), ఒక్కోదాని ప్రభావ ద్రవ్యరాశి మామూలుదాంట్లో 0.19 వంతు. స్పిన్ కలిపి ఒక వ్యాలీకి దాదాపు 0.8×10¹¹, రెండింటికీ 1.6×10¹¹ స్థితులు, అవే యూనిట్లలో. స్పిన్ వల్ల వచ్చే 2 స్థితుల సాంద్రత సూత్రంలోనే ఇమిడి ఉంది కాబట్టి దాన్ని ఇంకోసారి గుణించడం కూడా మామూలే. అందుకే సూత్రం కిందే ‘స్పిన్ కలిపాం, వ్యాలీ కలపలేదు’ అని ఒక వాక్యం వేయండి.