కిరునా నుంచి నార్విక్ దాకా చలికాలంలో కారు ప్రయాణం: సలహా కావాలి

ప్రశ్న:
నమస్కారం. మేము స్టాక్‌హోంలో ఉంటున్నాము. గోదావరిఖనిలో సింగరేణి బాయిలో పనిచేసి రిటైరైన మా నాన్నగారు ఈ చలికాలంలో మా దగ్గరికి వస్తున్నారు. ఉత్తర స్వీడన్‌లోని కిరునాలో ఇనుప గని కోసం ఊరినే పక్కకు జరుపుతున్నారని విన్నప్పటి నుంచి దాన్ని చూడాలని ఆయన పట్టుదల. జనవరి మొదటి వారంలో యెల్లివారె, కిరునా, అబిస్కోల మీదుగా నార్వేలోని నార్విక్ దాకా అద్దె కారులో వెళ్దామనుకుంటున్నాము. మంచులో కారు నడిపిన అనుభవం నాకు తక్కువ. పెద్దవారితో ఈ దారిన వెళ్లవచ్చునా?

మొదటి జవాబు:
వెళ్లవచ్చు, కానీ జనవరిలో వద్దు. కిరునాలో డిసెంబరు రెండో వారం నుంచి సంవత్సరాంతం వరకు సూర్యుడు ఉదయించనే ఉదయించడు, జనవరి మొదట్లో కూడా వెలుగు ఉండేది కొద్ది గంటలే. మార్చి మధ్యకు పగలు సుమారు 12 గంటలకు పెరుగుతుంది, మంచు మాత్రం అలాగే ఉంటుంది. కిరునా నుంచి నార్విక్‌కు ఈ10 రహదారి మీద దాదాపు 180 కిలోమీటర్లు. సరిహద్దు దగ్గర కొండ మీద గాలివాన లాంటి మంచు తుఫాను లేస్తే దారి మూసేస్తారు, లేదా గేటు దగ్గర ఆపి, మంచు తోసే బండి వెనకాల వాహనాలన్నిటినీ వరుసగా పంపుతారు. కాబట్టి ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి. రోడ్డు పక్క గుంజలకు నల్ల ప్లాస్టిక్ సంచులు కట్టి కనిపిస్తే దగ్గరలో రెయిన్‌డీర్ మంద ఉందని అర్థం, వెంటనే వేగం తగ్గించండి. ఒకవేళ జంతువును ఢీకొంటే పోలీసులకు చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి, ఎందుకంటే అవి ఆ ప్రాంతపు ఆదివాసులైన సామీల కుటుంబాల సొత్తు. రాత్రి ఆగే చోట కారు ఇంజినును వేడిచేసే హీటరుకు కరెంటు ప్లగ్గు ఉందో లేదో ముందే అడగండి.

రెండో జవాబు:
అనుభవం తక్కువైతే రైలే మేలని నా అభిప్రాయం. కిరునా నుంచి నార్విక్‌కు గని కోసమే వేసిన రైలుమార్గం ఉంది, అందులో 68 వ్యాగన్ల ఖనిజపు బండ్లు నార్విక్ రేవుకు వెళ్తుంటాయి. బాల్టిక్ వైపు సముద్రం గడ్డకట్టినా నార్విక్ దగ్గర కట్టదు, అందుకే ఆ రేవును ఎంచుకున్నారు. అయితే 2023 డిసెంబరులో ఖనిజపు బండి పట్టాలు తప్పి మార్గం రెండు నెలలు మూతపడింది, తెరిచిన కొద్ది రోజులకే మళ్లీ అదే జరిగింది. బయలుదేరే ముందు రైళ్లు నడుస్తున్నాయో లేదో చూసుకోండి.

మూడో జవాబు:
మీ నాన్నగారికి గని సంగతి చెప్పాలి. కిరునా ఖనిజపు పొర దాదాపు నాలుగు కిలోమీటర్ల పొడవున, ఊరి కిందికి ఏటవాలుగా దిగుతుంది. అడుగు నుంచి ఖనిజాన్ని పేల్చి తీస్తున్నకొద్దీ పైనున్న రాయి ఆ ఖాళీలోకి కూలుతుంది, పగుళ్లు నేలమీద ఊరి వైపు పాకుతాయి. బొగ్గుబాయిలో కప్పు కూలనిచ్చే పద్ధతి ఎరిగిన ఆయనకు ఇది ఇట్టే అర్థమవుతుంది. 2004లో ఊరు మార్చాలని ప్రకటించారు, కొత్త కేంద్రం 2022లో ప్రారంభమైంది. 1912 నాటి చెక్క చర్చిని 2025 ఆగస్టులో చక్రాల బండ్ల మీద ఐదు కిలోమీటర్లు తరలించారు, దాని బరువు 672 టన్నులు. యెల్లివారె పక్కనున్న మాల్మ్‌బెర్గెట్ అనే గని ఊరిది ఇంకా బాధాకరమైన కథ, అక్కడ ఊరు జరగడం లేదు, ఉన్నది కాస్తా ఖాళీ అవుతోంది. అక్కడ ఒక పూట ఆగకుండా నేరుగా కిరునాకు పోవద్దని నేను గట్టిగా చెబుతాను. కిరునా గనిలో సందర్శకులను బస్సులో 540 మీటర్ల లోతుకు తీసుకువెళ్తారు, గని లిఫ్టులో (కేజ్‌లో) దిగవలసిన పని లేదు. టికెట్టు ముందుగానే తీసుకోండి.