అప్‌డేట్: బైబిల్ స్టడీకి ఎవరూ నిలవడం లేదని అడిగాను కదా

గుంటూరులో మా ఇంట్లో బుధవారం పెట్టే బైబిల్ స్టడీకి నలుగురు కూడా నిలవడం లేదని అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ‘స్టడీకి వచ్చేవాళ్లు పనిచేసే చోటికే వెళ్లండి’ అని ఒక అక్క చెప్పిన మాటే పనిచేసింది. ఇప్పుడు వాళ్లు మిర్చి తొడిమలు తీసే దగ్గరే కూర్చుంటున్నాం. బైబిల్లోని రూతు గ్రంథం చదువుతున్నాం; నాలుగే అధ్యాయాలు, వారానికొకటి. బోయజు అనే ఆసామి పొలంలో రూతు పరిగె (కోతలో రాలిన వెన్నులు) ఏరే చోటు రాగానే ఒక పెద్దమ్మ చిన్నప్పుడు తాను వరి పరిగె ఏరిన సంగతులు మొదలుపెట్టింది. ఆ రోజు నేను మాట్లాడిందే లేదు! పొలం ఓరలు బీదలకు వదలమనే లేవీయకాండము 19వ అధ్యాయం కూడా ఆవిడ అడిగితేనే తీశాం. మిగతా సలహాల్లో టైమింగ్ మార్చడం, క్విజ్ వల్ల తేడా ఏమీ రాలేదు. ప్రొజెక్టర్ అద్దె దండగ. ఒక్క జాగ్రత్త: చదివేవాళ్లు తొడిమలు ముట్టుకోకూడదు. పేజీకి ఘాటు అంటితే కళ్లు మండిపోతాయి.