ఉచితంగా కేసులు నడిపే లాయర్లను సత్కరించాలి: ఎంపిక ఎలా? (గుంటూరు)

కొరిటెపాడు కాలనీ సంఘం:
అందరికీ నమస్కారం. నవంబర్ 9న జాతీయ న్యాయ సేవల దినం. ఆ రోజు మా కాలనీ సంఘం తరఫున, పేదల కేసులు ఫీజు లేకుండా నడుపుతున్న నలుగురైదుగురు లాయర్లను సత్కరించాలనుకుంటున్నాం. శాలువా, జ్ఞాపిక, కోర్టు రోడ్డులో ఫ్లెక్సీలు అనుకున్నాం. వాళ్ల వల్ల మేలు జరిగిన ఒకరిద్దరితో వేదిక మీద మాట్లాడించాలని కూడా ఉంది. పేర్లు ఎవరిని అడగాలి? నిజంగా పనిచేసినవాళ్లెవరో బయటివాళ్లం ఎలా తేల్చుకోవాలి? బడ్జెట్ 30,000.

రిటైర్డ్ శిరస్తాదారు:
ముందు ఎవరిని సత్కరిస్తున్నారో తేల్చుకోండి. "ఉచిత న్యాయ సహాయం" అనే మాట కింద మూడు రకాల లాయర్లున్నారు, ముగ్గురినీ ఒకే గాటన కడితే లాయర్ల సంఘంలో (బార్‌లో) గొడవే. మొదటివాళ్లు ప్యానెల్ అడ్వకేట్లు. కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉన్నవాళ్లను, పేదలకు లాయర్లను ఏర్పాటు చేసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎంపిక చేస్తుంది, మూడేళ్లకోసారి ప్యానెల్ మళ్లీ వేస్తారు. కక్షిదారుకు ఉచితమే గానీ లాయరుకు సంస్థ కొద్దిపాటి ఫీజు ఇస్తుంది. రెండోవాళ్లు లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్. క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల తరఫున పూర్తికాలం పనిచేస్తారు, నెలనెలా పారితోషికం వస్తుంది, ప్రైవేటు కేసులు పట్టకూడదు. మూడోవాళ్లే ఎవరి దగ్గరా ఏమీ తీసుకోనివాళ్లు. కేంద్ర న్యాయశాఖ 2017లో మొదలుపెట్టిన న్యాయబంధు అనే ఉచిత న్యాయ సేవా పథకంలో పేరు నమోదు చేసుకున్నవాళ్లు కొందరు, ఏ జాబితాలోనూ లేకుండా తమ ఆఫీసు గడపలోనే చేసుకుపోయేవాళ్లు కొందరు.

నా మాటగా చెప్పాలంటే మొదటి, మూడో రకాలను రెండు విభాగాలుగా పెట్టండి. ప్యానెల్ వాళ్లను "ఫీజు వస్తుందిగా" అని పక్కన పెట్టడం న్యాయం కాదు. ఆ ఫీజు, కేసుకు పట్టే శ్రమ పక్కపక్కన పెట్టి చూస్తే అదీ సేవేనని తెలుస్తుంది.

లెక్కల సంగతి. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారికి (ఆయన జడ్జి హోదాలో ఉంటారు) సంఘం లెటర్‌హెడ్ మీద కనీసం నెల ముందు ఉత్తరం ఇవ్వండి. కక్షిదారుల పేర్లు అడగొద్దు, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. న్యాయ సహాయం కింద అప్పగించిన కేసుల పురోగతి చూడటానికి అక్కడ పర్యవేక్షణ కమిటీ, రిజిస్టరు ఉంటాయి. గత మూడేళ్లలో ఎవరికి ఎన్ని అప్పగించారు, ఎన్ని తేలాయి, కేసు నివేదికలు సమయానికి ఇస్తున్నదెవరు అన్నంత వరకే అడగండి.

అంకె ఒక్కటే చూసి మాత్రం మోసపోవద్దు. లోక్ అదాలత్‌లో ఒక్క రోజులో బ్యాంకు బకాయిల ప్రీ లిటిగేషన్ (ఇంకా కోర్టులో దావా వేయని) కేసులు, రాజీ కాగల చిన్న కేసులు గుట్టగా తేలిపోతాయి. వాటిలో కూర్చున్న లాయరు లెక్క వందల్లో కనిపిస్తుంది. హత్య లాంటి పెద్ద నేరాలు విచారించే సెషన్స్ కోర్టులో, ఒక్క కేసులో ఇరవై మంది సాక్షులను క్రాస్ ఎగ్జామిన్ చేసినవారి లెక్క "1" అనే పడుతుంది.

బ్రాడీపేట అడ్వకేట్:
పై మాటలన్నిటితో ఏకీభవిస్తాను. అయితే ఫ్లెక్సీ ఆలోచన వెంటనే మానుకోండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలో 36వ నియమం ప్రకారం లాయరు నేరుగా గానీ పరోక్షంగా గానీ ప్రచారం చేసుకోకూడదు. తను నడిపిన కేసులకు ముడిపెట్టి ఫొటోలు వేయించుకోకూడదు. ఫ్లెక్సీ కట్టింది మీరైనా, రేపు ఎవరైనా ఫిర్యాదు పెడితే సంజాయిషీ రాసుకోవాల్సింది ఆ లాయరే. హాల్లో వేదిక వెనక బ్యానరు మీద పేర్లు చాలు. ఫోన్ నంబరు, ఆఫీసు అడ్రసు, "ఫలానా కేసు గెలిచిన" లాంటి మాటలు ఎక్కడా ఉండకూడదు. పత్రికలకు ఇచ్చే ప్రకటనకూ ఇదే వర్తిస్తుంది. అదే నియమావళిలోని 46వ నియమం, తన ఆర్థిక స్థితి అనుమతించినంత మేరకు పేదలకు ఉచితంగా సాయపడటం లాయరుకున్న అత్యున్నత బాధ్యతల్లో ఒకటని చెబుతుంది. ప్రశంసాపత్రంలో ఆ నియమాన్ని ప్రస్తావించండి, హుందాగా ఉంటుంది.

కక్షిదారులను వేదిక ఎక్కించడం ఇంకా ప్రమాదం. లైంగిక దాడి బాధితుల గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో పిల్లల పేరు, ఇల్లు, బడి, ఏదీ తెలియనివ్వకూడదు. గృహహింస కేసు పెట్టిన మనిషి అందరి ముందూ "ఈ లాయరు గారు నాకు ఉచితంగా చేశారు" అని చెప్పడం చట్టపరంగా తప్పు కాకపోవచ్చు, కానీ ఇంటికెళ్లాక ఆమెకు ఎదురయ్యేది మనం చూడం. మాట్లాడించాలనుకుంటే ఆ లాయరుతో కలిసి పనిచేసినవారిని పిలవండి.

పరిశీలనకు, కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ వెబ్‌సైటు పనికొస్తుంది. ఒక్కో కేసుకు విడిగా ఉండే సీఎన్ఆర్ నంబరు (అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 16) కొడితే వాయిదాల చరిత్ర వస్తుంది. ఒక్కో తేదీ మీద నొక్కితే ఆ రోజు ఏం జరిగిందో రెండు మూడు పంక్తుల్లో ఉంటుంది. రెండు జాగ్రత్తలు: వాయిదాలు ఎక్కువున్నాయని లాయరును తప్పుపట్టకండి, సాక్షి రాకపోయినా, ఆ కోర్టులో జడ్జి పోస్టు ఖాళీగా ఉన్నా వాయిదా పడుతుంది. పైగా ఆ కేసు ఫీజు తీసుకుని చేశారా, లేకుండా చేశారా అన్నది అందులో తెలియదు.

పారాలీగల్ వాలంటీర్, మంగళగిరి:
ఫీజు తీసుకోలేదన్న సంగతి తెలిసేది వేరేచోట. కోర్టు దగ్గర లాయర్ల గుమాస్తాలు, టైపిస్టులు, హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే వన్ స్టాప్ సెంటర్ సిబ్బంది, గృహహింస కేసులు చూసే రక్షణాధికారి, జిల్లా జైల్లోని లీగల్ ఎయిడ్ క్లినిక్‌కు వెళ్లేవాళ్లు. వీళ్లను విడివిడిగా అడగండి. మీరు ఏ పేరూ ఎత్తకుండానే ముగ్గురి నోట ఒకే పేరు వచ్చిందంటే ఆ పేరు రాసుకోవచ్చు.

లాయరు పని ఎంత లోతుగా చేస్తారో తెలియాలంటే బెయిల్ తర్వాత ఏం చేశారో చూడండి. బెయిల్ ఆర్డరు రావడంతో కథ అయిపోదు. ఇద్దరు జామీనుదారులు కావాలంటారు, వాళ్ల ఆధార్, ఇంటి పన్ను రసీదు లాంటివి కావాలి. ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చిన కూలీకి గుంటూరులో జామీను ఎవరుంటారు? ఆర్డరు చేతిలో ఉండీ మనిషి లోపలే ఉండిపోతాడు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు దీనిపై ఆదేశాలిచ్చింది. బెయిల్ వచ్చిన 7 రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం ఆలస్యానికి కారణమనీ చెప్పింది. ఈ ఆదేశం పట్టుకుని షరతు సడలించమని పిటిషన్ వేసి, మనిషి గేటు దాటేదాకా వదలని లాయరు దొరికితే మీ జాబితాలో మొదటి పేరు అదే కావాలి.

అప్పీలు కూడా చూడండి. మేజిస్ట్రేట్ శిక్ష వేస్తే సెషన్స్ కోర్టులో అప్పీలుకు 30 రోజులే గడువు. తీర్పు రోజే అప్పీలు సంగతి ఖైదీకి చెప్పి, కాగితాలు సిద్ధం చేయించారా, లేక తమ కోర్టులో పని అయిపోయిందని ఊరుకున్నారా?

కొరిటెపాడు కాలనీ సంఘం:
చాలా ఉపయోగపడింది. ఫ్లెక్సీలు, కక్షిదారుల ప్రసంగాలు రెండూ తీసేశాం. జ్ఞాపిక బదులు డబ్బు కవరు ఇవ్వవచ్చా? జడ్జి గారిని పిలిస్తే వస్తారా?

రిటైర్డ్ శిరస్తాదారు:
కవరు వద్దు. ప్యానెల్ లాయరు కక్షిదారు నుంచి రూపాయి కూడా తీసుకోకూడదు. మీ కాలనీలోనే ఆయన కక్షిదారు ఉంటే ఆ కవరు మీద లేనిపోని మాట పడుతుంది. శాలువాలకు మూడు వేలు దాటనివ్వకండి. మిగతాది ఒక్కొక్కరికి కోర్టు తీర్పులు అచ్చువేసే ఏఎల్‌టీ లేదా ఏఎల్‌డీ పత్రికల చందాకో, కొత్త క్రిమినల్ చట్టాల వ్యాఖ్యాన గ్రంథాలకో పెట్టండి. 2024 జులై 1 నుంచి చట్టాలు మారాయి, జూనియర్లకు ఆ పుస్తకాల ఖర్చు భారమే.

జడ్జి గారిని ఫోన్లో పిలవకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అధ్యక్షులు ప్రిన్సిపల్ జిల్లా జడ్జి గారే కాబట్టి, కార్యదర్శి ద్వారా రాతపూర్వకంగా అడగండి. వేదిక మీద రాజకీయ నాయకులుంటే రారు. మీ సంఘానికి కోర్టులో ఏదైనా కేసు నడుస్తుంటే ఆ సంగతి ఉత్తరంలోనే రాయండి. ఆ రోజు సంస్థకు సొంత కార్యక్రమాలు ఉంటాయి, మీది సాయంత్రం 5 తర్వాత పెట్టుకోండి. చివరి వరుసలో 15100 అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి. న్యాయ సహాయం హెల్ప్‌లైన్ అది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఇస్తారన్న సంగతి కూడా దాని కిందే రాయండి.