ఫోర్ బై ఫోర్ క్యాంపర్ వ్యాన్: మైలేజ్ తినేది ఫోర్ బై ఫోరా, మన కాలా?

కొత్తవ్యాన్_ఫ్రీమాంట్
అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు అవసరం పడింది. యూజ్డ్ స్ప్రింటర్ (మెర్సిడెస్ వాళ్ళ పెద్ద వ్యాన్) ఒకటి చూస్తున్నాం, 2019 మోడల్, 144 వీల్‌బేస్, హై రూఫ్, వీ6 డీజిల్, ఫోర్ బై ఫోర్ (అంటే నాలుగు చక్రాల డ్రైవ్), లోపల మంచం కిచెన్ సోలార్ అన్నీ పెట్టేసి ఉన్నాయి. అమ్మేవాళ్ళు 18 ఎంపీజీ (గ్యాలన్‌కి 18 మైళ్ళు) గ్యారంటీ అంటున్నారు, మా ఆఫీసులో వ్యాన్ ఉన్నాయన 13 దాటితే నన్నడుగు అంటున్నాడు. పోనీ ప్రభుత్వం లెక్క చూద్దామంటే ఈ బండికి అదే దొరకట్లేదు. మా ఆవిడేమో "మనం పోయేది టాహో, యోసెమిటీ, ఎప్పుడన్నా యూటా, దానికి ఫోర్ బై ఫోర్ ఎందుకు, ఆ డీజిల్ డబ్బులు పెడితే హోటల్లో దర్జాగా పడుకోవచ్చు" అంటోంది. ఆ మాట కొట్టిపారెయ్యలేకపోతున్నా. నిజంగా ఫోర్ బై ఫోర్ వల్ల ఎంత పోతుంది? నడిపేవాళ్ళు చెప్పండి, యూట్యూబ్ లెక్కలు వద్దు.

గుంటూరు_గేర్‌బాక్స్
లెక్క దొరక్కపోవడం మామూలే బ్రో. గ్రాస్ వెయిట్ రేటింగ్ 8,500 పౌండ్లు దాటిన కార్గో వ్యాన్లకి ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) మైలేజ్ రేటింగ్ ఇవ్వదు, అందుకే ఎవడి నోటికొచ్చిన నంబర్ వాడు చెప్తాడు. నేను డల్లాస్‌లో వెనక చక్రాల డ్రైవ్ స్ప్రింటర్ నడుపుతా, మా ఫ్రెండుది అదే ఇంజిన్ ఫోర్ బై ఫోర్, ఎప్పుడు కలిసి వెళ్ళినా ఒకే పంపు దగ్గర కొట్టిస్తాం, నాది 16 వస్తే వాడిది 14. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే నాకు 750 గ్యాలన్లు, వాడికి 857. అంటే 107 గ్యాలన్లు ఊరికే పోయినట్టే, పైగా బండి కొనేటప్పుడే వేలల్లో ఎక్కువ పెట్టాలి, ముందు డిఫరెన్షియల్ ఆయిల్ అదనం, ముందు చక్రాలకి పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ అదనం. మీ ఆవిడ కరెక్టే చెప్తోంది.

రీనో_రమణ
గేర్‌బాక్స్ అన్నా, ఆ 107 గ్యాలన్లు మొత్తం ఫోర్ బై ఫోర్ ఖాతాలో రాసేస్తే ఎలా? మీ ఫ్రెండు బండి మీద ఏమేం ఉన్నాయో చెప్పలేదు. రూఫ్ ర్యాక్ ఉందా, పక్కన ఆనింగ్ (నీడకి లాగే గుడారపు గుడ్డ) ఉందా, వెనక నిచ్చెన, ముందు బుల్ బార్, ఆల్ టెరైన్ టైర్లు? ఫోర్ బై ఫోర్ కొన్నవాళ్ళలో నూటికి తొంభై మంది ఇవన్నీ తగిలిస్తారు, తర్వాత నింద పాపం ఆ ముందు యాక్సిల్ మీద పడుతుంది.

నాదీ ఫోర్ బై ఫోరే, వీ6. క్రూజ్ గంటకి 65 మైళ్ళ దగ్గర పెడితే 17 వస్తుంది, 75 పెడితే 14. అదే బండి, అదే డ్రైవరు. గాలి తోపుడు స్పీడ్ వర్గంతో పెరుగుతుంది, 65 నుంచి 75కి వెళ్తే గాలి నిరోధం 33 శాతం ఎక్కువ (మైలేజ్ 33 శాతం పడిపోతుందని కాదు, టైర్ల రాపిడి అలాగే ఉంటుంది కాబట్టి). హై రూఫ్ స్ప్రింటర్ ముందు ఒకసారి నిలబడి చూడండి, తొమ్మిదడుగులు పైన ఎత్తు, బీరువాని నిలబెట్టి హైవే మీద తోస్తున్నట్టే. మా నెవాడాలో ఐ-80 హైవే మీద కొన్నిచోట్ల లిమిట్ 80, ఎల్కో వైపు ఎదురుగాలిలో 80 కొట్టినవాడు పంపు దగ్గర ఏడవాల్సిందే, రెండు చక్రాలైనా నాలుగు చక్రాలైనా.

గుంటూరు_గేర్‌బాక్స్
స్పీడ్ సంగతి ఎవరు కాదన్నారు రమణా? ఒకే స్పీడ్‌లో రెండు బళ్ళు పక్కపక్కన వెళ్తే తేడా ఎంతన్నదే ప్రశ్న. 2019 స్ప్రింటర్‌లో ఫోర్ బై ఫోర్ బటన్ నొక్కకపోయినా ముందు యాక్సిల్ షాఫ్టులు చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంటాయి, పాత జీపుల్లాగా ముందు చక్రాల్ని యాక్సిల్ నుంచి విడదీసే లాకింగ్ హబ్స్ లేవు దానికి. ఆ ఆయిల్‌ని చిలకడానికి డీజిల్ కావాలి. బండి ముందు వైపు నాలుగంగుళాల దాకా లేచి ఉంటుంది, కింద గాలి ఇంకా ఎక్కువ దూరుతుంది. బరువు సరేసరి. ఇవి ర్యాకులు పీకేస్తే పోయేవి కాదు, కంపెనీ నుంచే వచ్చినవి. మావాడి బండికి ర్యాక్ ఉంది, ఒప్పుకుంటా, కానీ నాకూ ఉంది.

పోర్ట్‌లాండ్_పద్మ
గేర్‌బాక్స్ గారూ, మీ ఫ్రెండు టైర్ సైజు ఎంతండీ? ఎందుకడుగుతున్నానంటే ఈ గొడవలో సగం అక్కడే తేలిపోతుంది. మాది ఫోర్డ్ ట్రాన్సిట్ ఆల్ వీల్ డ్రైవ్, 3.5 ఎకోబూస్ట్. కంపెనీ టైరు 235/65ఆర్16, దాని ఎత్తు 28 అంగుళాలు. మావారు అది తీసేసి 245/75ఆర్16 వేయించారు, 30.5 అంగుళాలు. చక్రం పెద్దదైతే ఒక చుట్టుకి ఎక్కువ దూరం వెళ్తుంది కదా, ఓడోమీటర్‌కి ఆ విషయం తెలియదు, అది పాత లెక్కే వేసుకుంటుంది. తేడా దగ్గర దగ్గర 8.7 శాతం. ఓడోమీటర్ మైళ్ళతో లెక్కేస్తే 13 వచ్చింది, దిద్దుకుంటే 14 పైన. ఆ రోజు ఇంట్లో పెద్ద సంబరం, ఒక్క చుక్క గ్యాస్ (ఇక్కడ పెట్రోల్‌ని అలాగే అంటారు) మిగలకుండానే మైలేజ్ పెరిగిపోయింది :)

హైవే పక్కన మైల్ మార్కర్లు ఉంటాయి కదా, 50 మైళ్ళు వాటితో చూసుకుని ట్రిప్ మీటర్‌తో పోల్చండి, ఎవరికైనా తెలిసిపోతుంది. ఇది చెయ్యకుండా "వాడిది 14 నాది 16" అంటే నేను నమ్మను. అలాగని పెద్ద టైర్లు మంచివని కాదు, బరువు ఎక్కువ, రాపిడి ఎక్కువ, నిజంగా కూడా తింటాయి. ఎంత తిన్నాయో ఎంత అబద్ధమో విడదియ్యాలి అంతే.

బర్మింగ్‌హామ్_బుజ్జి
ఇదేంటి బాబోయ్ 13, 14 అంటున్నారు, మా వోక్స్‌వ్యాగన్ క్యాలిఫోర్నియా 4మోషన్ (వాళ్ళ నాలుగు చక్రాల డ్రైవ్) డీజిల్ ఈజీగా 33 ఇస్తుంది మోటర్‌వే మీద. మీ వ్యాన్లలో ఏదో తేడా ఉంది 😂

రీనో_రమణ
బుజ్జీ, తేడా ముందు గ్యాలన్‌లో ఉంది. మీ గ్యాలన్ 4.55 లీటర్లు, మాది 3.79. మీ 33 మాకు 27.5. అయినా అది గొప్ప నంబరే, కానీ మీ బండి ఎత్తు రెండు మీటర్లు కూడా లేదు, మా వాటిల్లో నిలబడి దోసెలు పోసుకోవచ్చు. థాంక్స్ అసలు, మీ బండీ నాలుగు చక్రాలదే, అయినా 27 ఇస్తోందంటే రూఫే దొంగ అని నేననేదానికి మీరే సాక్ష్యం.

గుంటూరు_గేర్‌బాక్స్
అది చిన్న బండి, బరువు తక్కువ, సిస్టమ్ కూడా వేరే, దాన్ని స్ప్రింటర్ పక్కన పెట్టి సాక్ష్యం అంటే ఏ జడ్జీ ఒప్పుకోడు. పద్మ గారూ, మావాణ్ణి అడిగా, 245/75 అట, స్ప్రింటర్‌కి కంపెనీ నుంచి వచ్చే సైజే. సో నా 2 ఎంపీజీ అలాగే ఉంది.

హనుమకొండ_ఓవర్‌ల్యాండ్
అన్నలు, నేను డెన్వర్ల ఉంట. ఒక్క ముచ్చట ఎవ్వలు చెప్తలేరు. చలికాలంల హీటర్ కూడా ట్యాంకు డీజిలే తాగుతది. 2 కిలోవాట్ల హీటర్ లోల పెడితే గంటకు 100 మిల్లీలీటర్ల చుట్టూ, ఫుల్లు పెడితే పావు లీటర్ చుట్టూ. రాత్రంత నడిస్తె లీటరో లీటరున్నరో పోతది, పొద్దుగాల మనం పంపు కాడ లెక్క చేసి ఫోర్ బై ఫోర్‌ను తిడ్తం. గదన్న తక్కువే, అసలు తినేది పొద్దున్నే ఇంజిన్ వేడెక్కనీకి ఊకె ఆన్ చేసి పెట్టుడు, బండి ఒక్క అడుగు కదలది, మైలేజ్ సున్న. మా దిక్కు గాలి పల్చగుంటది, సముద్రం ఒడ్డు కంటె 15 శాతం పైన పల్చన, ఫ్లాట్ రోడ్డు మీద మాకు కొంచెం లాభమే. కాని ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగులు పైన ఉంటది, గా ఎక్కుడుల 9, 10 చూపిస్తది డాష్, దిగుడుల 40. ఎక్కిన లెక్క ఒక్కటే ఫోటో తీసి పెట్టెటోళ్లను, దిగిన లెక్క ఒక్కటే పెట్టెటోళ్లను ఇద్దర్నీ నమ్మొద్దు.

నా స్ప్రింటర్ ఫోర్ బై ఫోర్, ఎండకాలం 16, చలికాలం 13.5. గా రెండున్నర తేడా యాక్సిల్‌ది కాదు గద, యాక్సిల్ రెండు కాలాలల్ల ఉన్నది.

గోదావరి_డీజిల్
గ్యాలన్ల గొడవ ఎందుకండి బాబూ, జేబులోంచి పోయేది సెంట్లు. మైలుకి ఎన్ని సెంట్లో చూడండి. ఉదాహరణకి గ్యాస్ 4.50, డీజిల్ 5.00 అనుకోండి. 14 ఇచ్చే ట్రాన్సిట్‌కి మైలుకి 32 సెంట్లు, 16 ఇచ్చే స్ప్రింటర్‌కి 31 పైచిలుకు. డీజిల్‌లో గ్యాలన్‌కి ఎనర్జీయే పది పదిహేను శాతం ఎక్కువ, కాబట్టి ఎంపీజీ ఎక్కువ రావడంలో ఇంజిన్ గొప్పతనం ఎంతో డీజిల్ గొప్పతనమూ అంతే. మళ్ళీ డెఫ్ (పొగని శుభ్రం చేసే ద్రవం) పొయ్యాలి, డీజిల్‌లో రెండు మూడు శాతం. చివరికి రెండూ అక్కడికక్కడే ఆయ్. సర్వీసు బిల్లు వచ్చినప్పుడు మాత్రం స్ప్రింటర్ ఓనరు మొహం చూడాలి.

ఇంకోటి, 2023 నుంచి అమెరికాలో స్ప్రింటర్‌కి వీ6 తీసేశారు, 2 లీటర్ల నాలుగు సిలిండర్లు, తొమ్మిది గేర్లు, ఫోర్ బై ఫోర్ బదులు ఆల్ వీల్ డ్రైవ్. అది ఒకటి రెండు మైళ్ళు ఎక్కువే ఇస్తోందని నడిపేవాళ్ళు అంటున్నారు. లో రేంజ్ (నిటారు ఎక్కుళ్ళకి వాడే నిదానపు గేరు) పోయింది కానీ, మన జనంలో లో రేంజ్ వాడేది ఎవరండి, పార్కింగ్ లాట్‌లో చూపించుకోడానికి తప్ప.

రీనో_రమణ
ఫ్రీమాంట్ బ్రో, మీరు టాహో అన్నారు కాబట్టి చెప్తున్నా. చలికాలంలో ఐ-80 మీద ఆర్2 బోర్డు (చెయిన్లు తప్పనిసరి అనే బోర్డు) పెడితే నాలుగు చక్రాల డ్రైవ్ ఉండి నాలుగింటికీ స్నో టైర్లుంటే చెయిన్లు వెయ్యక్కర్లేదు, బండిలో పెట్టుకుంటే చాలు. రెండు చక్రాల వ్యాన్ అయితే డోనర్ కింద మంచులో మోకాళ్ళ మీద కూర్చుని చెయిన్లు బిగించాలి, ట్రక్కులు పక్క నుంచి బురద చల్లుకుంటూ పోతుంటాయి, వేళ్ళు పని చెయ్యవు, పిల్లలు లోపల్నుంచి "ఇంకెంతసేపు" అంటుంటారు. ఆ 107 గ్యాలన్లలో నిజంగా ఫోర్ బై ఫోర్ వాటా సగం ఉంటుందేమో, ఆ యాభై గ్యాలన్లు నేను సంతోషంగా కట్టేస్తా.

గుంటూరు_గేర్‌బాక్స్
అది మైలేజ్ ప్రశ్నకి జవాబు కాదు, సెంటిమెంట్. అయినా అడుగుతున్నా, ఆ మినహాయింపుకి బండి ఖాళీ బరువు 6,500 పౌండ్లు దాటకూడదని క్యాలిఫోర్నియా రూల్ ఉంది కదా, మంచం కిచెన్ బ్యాటరీలు బిగించిన మీ బండి ఎంత తూగుతుందో ట్రక్ స్టాప్‌లో స్కేల్ ఎక్కించి చూశారా? చూడకుండా ధీమాగా వెళ్ళేవాళ్ళే అందరూ. ఇక రోడ్డు మీద నిజంగా మంచు ఉండే రోజులు ఏడాదికి ఎన్ని? మిగతా రోజులన్నీ ఆ యాక్సిల్‌ని మోసుకు తిరగాలి. నా మాట వినండి, వెనక చక్రాల బండి, మంచి టైర్లు, మంచు రోజున ఇంట్లో కూర్చోండి.

రీనో_రమణ
బరువు పాయింట్ కరెక్టే, కొనేవాళ్ళు తూయించుకోవాలి. ఇంట్లో కూర్చోడానికైతే వ్యాన్ ఎందుకు అన్నా?

కొత్తవ్యాన్_ఫ్రీమాంట్
అందరికీ చాలా థాంక్స్, ఇంత చర్చ అవుతుందనుకోలేదు. నిన్న వెళ్ళి బండి చూసొచ్చా. టైర్లు 265/75ఆర్16, పైన ఫుల్ ర్యాక్, ఆనింగ్, వెనక సైకిల్ స్టాండు. అమ్మేవాళ్ళు డాష్ ఆన్ చేసి చూపించారు, 18.1, నిజంగానే ఉంది. కానీ పద్మ గారి పోస్ట్ చదివి వెళ్ళాను కాబట్టి అదే స్క్రీన్ మీద పక్కన చూశా, "రీసెట్ నుంచి" అని 41 మైళ్ళు ఉంది. బండి మొత్తం తిరిగింది 60 వేలు పైన, ఈ 18 మాత్రం 41 మైళ్ళది. అడిగితే నవ్వేసి మాట మార్చారు.

హనుమకొండ_ఓవర్‌ల్యాండ్
41 మైళ్లా 😂 ఏ కొండ దిగుకుంట రీసెట్ చేసిండో అడుగున్రి.

రీనో_రమణ
డోనర్ సమ్మిట్ 7,200 అడుగులు, అక్కణ్ణుంచి ఆబర్న్ వైపు దిగుతూ రీసెట్ కొడితే నా బండి కూడా 30 చూపిస్తుంది. వాళ్ళు 18 అని మర్యాదగా ఆగారు.

పోర్ట్‌లాండ్_పద్మ
టెస్ట్ డ్రైవ్ అడగండి, ఇచ్చి తీరాలి ఆ రేటుకి. పంపు దగ్గర మొదటి క్లిక్‌కి ఆపెయ్యండి, ఇంకొంచెం ఇంకొంచెం అని కుక్కొద్దు. ఐ-5 మీద ఫ్లాట్‌లో 65 క్రూజ్ పెట్టి 50 మైళ్ళు వెళ్ళి 50 వెనక్కి రండి, గాలి అటూ ఇటూ సర్దుకుంటుంది. అదే పంపు, బండి అదే వైపు నిలిపి మళ్ళీ మొదటి క్లిక్. వంద మైళ్ళకి కొంచెం తప్పు ఉంటుంది, డాష్ కంటే నయం. మీ సైజు టైరుకి ఓడోమీటర్ తక్కువ చూపిస్తుంది, అది చూపించిన మైళ్ళకి సుమారు 3.9 శాతం కలుపుకోండి.

కొత్తవ్యాన్_ఫ్రీమాంట్
అడిగాను, శనివారం ఇస్తామన్నారు, డీజిల్ మాదే. మా ఆవిడ కూడా వస్తానంది, 15 దాటకపోతే రెండు చక్రాల బండ్లు చూడటం మొదలెట్టాలని షరతు.

గుంటూరు_గేర్‌బాక్స్
ఆ ర్యాకు, ఆ టైర్లతో 65 దగ్గర 15 దాటదు, రాసి పెట్టుకోండి. దాటితే రమణ బండికి ఒక ట్యాంకు నేను కొట్టిస్తా.

రీనో_రమణ
నా ట్యాంకు 24 గ్యాలన్లు పైన పడుతుంది అన్నా, డల్లాస్ రేటు కాదు, రీనో రేటు. శనివారం గాలి ఎటు ఉందో కూడా చూసి పెట్టండి బ్రో.