ఇంట్లో చేసిన పజిల్ పలక: సొరుగులకు టేకా, ప్లైవుడ్డా?

పెన్నా_గట్టు (నెల్లూరు):
మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. మోకాలి ఆపరేషన్ తర్వాత వెయ్యి ముక్కల జిగ్‌సా పజిల్ పట్టుకున్నారు. డైనింగ్ టేబుల్ మీద పరిస్తే అన్నాల వేళకి అమ్మతో గొడవ. అందుకని నా చేత్తో ఒక పలక చేశాను. పొడవు 30 అంగుళాలు, వెడల్పు 22. వెయ్యి ముక్కలది పూర్తయితే దాదాపు 27 × 19 ఉంటుంది, చుట్టూ చెయ్యి ఆడాలి కదా. పైన 9 ఎంఎం ప్లైవుడ్, దాని మీద పచ్చ ఫెల్ట్ గుడ్డ, అంచుకి టేకు బద్దె. రంగుల వారీగా ముక్కలు వేసుకోవడానికి కింద అటు రెండు, ఇటు రెండు సొరుగులు. ఆగస్టులో నూనె రాసినట్టు జారాయి. నవంబరు వానలకి నాలుగూ బిగుసుకుపోయాయి. సొరుగులు పూర్తిగా టేకుతో మళ్లీ చేయించమంటారా, ప్లైవుడ్ చాలా?

ఒంగోలు_గిత్త:
టేకు. ఇంకో మాట లేదు. మా వంటింట్లో 'వాటర్‌ప్రూఫ్' అని నమ్మించి వేసిన ప్లైవుడ్ రెండేళ్లకే పొరలు పొరలుగా ఊడింది. సింకు కింద తలుపు పట్టుకుని లాగితే తలుపు చేతిలోకి వచ్చింది. అడగబోతే షాపు ఎత్తేశారు.

ట్రంకురోడ్డు_టీ:
నాలుగు స్వీటు డబ్బాల మూతలు చాలు కదన్నా. సొరుగులెందుకు?

చిత్రిక (కావలి):
టేకైనా గాలిలో తేమ పీలిస్తే అడ్డంగా ఉబ్బుతుంది. పొడవుకి దాదాపు ఏమీ కాదు. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి పొడవూ వెడల్పూ అంతగా మారవు. గిత్త గారిది సింకు కింద నీళ్ల గొడవ, ఇది సొరుగుల గొడవ. రెండూ కలపకండి. పెన్నా గారూ, మూడు సంగతులు చెప్పండి. సొరుగు అడుగున ఏం వేశారు? పక్కన సందు ఎంత వదిలారు? లోపల పాలిష్ కొట్టారా?

పెన్నా_గట్టు:
అడుగున 3 ఎంఎం ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసే పలక). సందు కాగితం పట్టేంత, చూడ్డానికి నీటుగా ఉంటుందని. పాలిష్ బయట మాత్రమే.

చిత్రిక:
మూడూ తప్పులే. పచ్చి ఎమ్‌డీఎఫ్ తేమకి ఉబ్బి మధ్యలో కిందికి వంగి ఉంటుంది, అదే రాసుకుంటోంది. పలకని రెండు మూడు రోజులు ఫ్యాన్ కింద పెట్టండి. ఏ సొరుగు కదిలితే అది తీసి, పట్టాలకి కొవ్వొత్తి రుద్దండి. ఇప్పుడే చిత్రిక పట్టకండి. వానల్లో పట్టిస్తే ఎండాకాలానికి సొరుగు లొడలొడలాడుతుంది. సంక్రాంతి దాటాక చూసుకోండి. అడుగుకి 4 ఎంఎం ప్లైవుడ్ వేసి, లోపల కూడా పాలిష్ కొట్టండి.

దర్గామిట్ట_రాజు:
సొరుగు జారడానికి పక్కన బిగించే స్టీలు చానల్ వేస్తే పోలా?

చిత్రిక:
మామూలు చానల్ ఎత్తే 45 ఎంఎం. వీళ్ల సొరుగు మొత్తం అంగుళంన్నర ఉంటుందేమో. పైగా చెరో పక్క అరంగుళం తింటుంది.

ఒంగోలు_గిత్త:
అసలు జిగ్‌సా పుట్టిందే చెక్క మీద. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ మ్యాపును చెక్కపలకకి అంటించి దేశాల సరిహద్దుల వెంట కోశాడు. ఆయనేమైనా ప్లైవుడ్ కొన్నాడా? టేకు ధర చూసి వెనక్కి తగ్గేవాళ్లకి ఎంత చెప్పినా అంతే.

చిత్రిక:
మ్యాపు అంటించిన పలకకి సొరుగులు లేవండీ.
ధర సంగతి నాకు చెబుతున్నారా? టేకు పొట్టు పీలుస్తూ పెరిగిన ఇల్లు మాది. అది అలా ఉంచండి. పెన్నా గారు మొదటి పోస్టులో 'నా చేత్తో చేశాను' అన్నారు, చివర్లో 'మళ్లీ చేయించమంటారా' అన్నారు. ఇంతకీ చేశారా, చేయించారా?

పెన్నా_గట్టు:
మాట దొర్లింది, దానికేముంది. డిజైన్ నాది. కొలతలు నావి. కోసింది, శాండ్ పేపర్ పట్టింది నేనే. మా వీధి చివర ఆచారి గారు గాళ్లు కొట్టి, సొరుగుల మూలలు కలిపి ఇచ్చారు. అంతే.

చిత్రిక:
గాడి, మూల. సొరుగంటే అవే కదండీ, మిగిలింది డబ్బా. ఎన్ని రోజులు పట్టింది ఆయనకి? ఎంతిచ్చారు?

పెన్నా_గట్టు:
రెండు సాయంత్రాలు. ఇవ్వబోతే వద్దన్నారు. నాన్న దగ్గర చదువుకున్నారాయన.

చిత్రిక:
వద్దనగానే జేబులో పెట్టేసుకున్నారన్నమాట. కాగితం సందు చాలని చెప్పింది కూడా ఆయనేనా?

పెన్నా_గట్టు:
ఆయన ఎక్కువ వదలమన్నారు. నేనే వద్దన్నాను. ఇప్పుడు తృప్తిగా ఉందా? పజిల్ పలక గురించి అడిగితే విచారణ పెట్టారేంటి?

చిత్రిక:
మా నాన్న ఒక ఇంటికి ఏడు నెలలు పనిచేశారు. గృహప్రవేశం రోజు యజమాని ఒక్కో తలుపూ తడుతూ చుట్టాలకి చూపిస్తున్నాడు, 'ఇదంతా దగ్గరుండి నేనే చేశాను' అని. నాన్న పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. అప్పుడు నాకు పన్నెండేళ్లు. మీరు ఆ మనిషి కాదు, నాకు తెలుసు. కానీ ఆ మాట చదివితే ఊరుకోలేను.

మాగుంట_లక్ష్మి:
మా వంటావిడ సున్నుండలు చేస్తే మేమూ అలాగే 'ఇంట్లో చేశాం' అంటాం. ఇది చదివాక ఎలాగో ఉంది.

ఒంగోలు_గిత్త:
అదంతా సరే, చివరికి టేకనే తేలినట్టేగా?

పెన్నా_గట్టు (నాలుగు రోజుల తర్వాత):
కోపంలో రెండు రోజులు ఇటు రాలేదు. ఫ్యాన్ పెట్టాను. మొదటి సొరుగు కదిలాక, దాని సందులోంచి చెయ్యి పెట్టి ఎదుటి దాన్ని నెట్టాను. కొవ్వొత్తితో మూడు దారికొచ్చాయి. అడుగు మార్చడానికి ఆచారి గారిని పిలిచాను, ఈసారి కూలి ముందే మాట్లాడుకున్నాం. సందు ఎంత వదలాలో నేను చెప్పలేదు. ఈ చర్చ శీర్షిక మార్చబోతే ఇక్కడ కుదరడం లేదు, 'చేయించిన' అని చదువుకోండి.
నాలుగో సొరుగు ఇంకా రాలేదు. ఆకాశం ముక్కలన్నీ అందులోనే ఉన్నాయి. నాన్న కొండ దాకా పేర్చి కూర్చున్నారు.